రెండో సగం చూడకుండా ఇచ్చిన ఒకటిన్నర

మొన్న శంకర్ నగర్‌లో మా తెలుగువాళ్ళ పిల్లలు పదిమంది దాకా నన్ను పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అందరూ సినిమా చూసొచ్చి ఫోన్లో అభిప్రాయం చెప్పి, ఇన్ని స్టార్లని వేళ్ళు చూపించేవాళ్ళే. నేను రాయ్‌పూర్‌లో ఒక హిందీ దినపత్రికకు ఇరవై ఏళ్ళ పైన సినిమా సమీక్షలు రాసి దిగిపోయినదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"ఆంటీ, రేటింగ్ ఇవ్వడానికి పూరా సినిమా చూడాలా? ఇంటర్వెల్ దాకా చూస్తే అందాజ్ వచ్చేస్తుంది కదా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది సగం ఆ పిల్ల మీద, సగం నా మీద. ఎందుకంటే ఆ పని నేను చేశాను. ఒక సినిమా రెండో సగం చూడకుండా స్టార్లు వేసి అచ్చు వేయించాను. దానివల్ల ఆరంగ్‌లో ఒక ఆడమనిషికి పుట్టింటి గుమ్మం మూసుకుపోయింది. ఆ సంగతి ఆ పిల్లలకు చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను. చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నా ఉద్యోగమంతా హిందీలో గడిచింది గాని ఇది తెలుగులోనే రాయాలి. ఈ తప్పు పుట్టింది మా తెలుగు చర్చి ఆవరణలో.

పని ఇదీ

సినిమా సమీక్ష అంటే చల్లటి హాల్లో కాలు మీద కాలేసుకుని ఉచితంగా సినిమా చూడటమని జనం అనుకుంటారు. నేను చేరినప్పుడు ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడింది. రాయ్‌పూర్‌లో ఉన్నవన్నీ పాత హాళ్ళే. సీట్లలో స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చి ఉండేవి. ఎండాకాలం కూలర్లు తిరిగితే మాటలు వినబడవు, ఆపితే ఊపిరాడదు. శుక్రవారం మధ్యాహ్నం ఆటకు ఒంటరిగా వెళ్ళే ఆడదాన్ని ఎలా చూస్తారో చెప్పక్కర్లేదు. రెండేళ్ళ పాటు గేటు దగ్గర మనిషి ప్రతి వారం ఒకే ప్రశ్న వేసేవాడు: "భాయీసాబ్ నహీ ఆయే?" నాకు పెళ్ళి కాలేదని, వచ్చే ఉద్దేశం ఉన్న భాయీసాబ్ ఎవరూ లేరని ఒకరోజు అందరిముందూ గట్టిగా అరిచి చెప్పాను. ఆ తర్వాత అడగలేదు.

నాకు తెలిసిన పని చెబుతాను. హాలు యజమాని ఇచ్చే బాక్సు సీట్లో కూర్చోకండి. అక్కడ సమోసా వస్తుంది, టీ వస్తుంది, చివరికి ఆయన అభిప్రాయం కూడా వస్తుంది. జనం మధ్య కూర్చోండి. చీకట్లో రాసుకోవాలంటే పేజీకి ఒకే వాక్యం, పెద్ద అక్షరాలతో రాసుకోండి. దీపాలు వెలిగాక వెంటనే లేవకండి. బయటికి వెళ్ళేవాళ్ళ మొహాలు చూడండి. మొహాలు అబద్ధం చెప్పవని కాదు, చెబుతాయి. కానీ హాలు మెట్లు దిగేలోపు చెప్పవు.

ఇవన్నీ నేను మొదటి ఐదేళ్ళు అక్షరం పొల్లుపోకుండా చేశాను. ఆరో ఏడు నుంచి బద్ధకం వచ్చింది. బద్ధకానికి ఇంకో పేరు ఉంది, అనుభవం. "పదో నిమిషంలోనే నాకు తెలిసిపోయింది" అని ఎవరైనా సమీక్షకుడు గొప్పగా చెబితే, ఆ పదో నిమిషం నుంచీ వాడు నిద్రపోయాడని అర్థం చేసుకోండి.

దూబేజీ

మా సంపాదకుడు దూబేజీకి సినిమాలంటే ఇష్టం లేదు. సినిమా పేజీ అంటే మాత్రం ప్రాణం. ప్రకటనలు అక్కడే పడేవి. ఒకసారి ఒక పెద్ద హిందీ సినిమాకు నేను రెండు స్టార్లు ఇచ్చాను. పొద్దున పేపరు చూస్తే మూడున్నర ఉన్నాయి. కింద నా రాతంతా తిట్లే, పైన మూడున్నర. పేపరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"రూత్‌జీ, రాత మీది. స్టార్లు అఖ్బార్‌వి. దానికింత గుస్సా ఎందుకు?" అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నోరు పారేసుకున్నాను. ఆయన విన్నాడు, చాయ్ తెప్పించాడు, మళ్ళీ పై వారం అదే చేశాడు. గోడకు చెప్పినట్టే.

ఆయన దగ్గర ఒక మంచి పాఠం కూడా నేర్చుకున్నాను, అది దాచకూడదు. నా రాతలో "బాగుంది", "బాలేదు" అని ఎక్కడ కనిపించినా ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు. "తెర మీద ఏం జరిగిందో రాయండి. బాగుందో లేదో చదివేవాడు చూసుకుంటాడు" అనేవాడు. సినిమాలు చూడని మనిషి నాకు సినిమా గురించి రాయడం నేర్పాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ప్రకటన ఇవ్వలేని చిన్న సినిమాల జోలికి వెళ్ళేవాడు కాదు. వాటికి నేను వేసిందే అచ్చయ్యేది. పెద్ద సినిమాల ముందు నా మాటకు విలువ లేదు, బక్కచిక్కిన సినిమాల మీద మాత్రం నాదే చివరి మాట. పెద్దవాళ్ళ మీద చెల్లని కోపమంతా తెలిసీ తెలియకుండా ఆ చిన్నవాళ్ళ మీద తీర్చుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీరు అంతకాలం తీసుకోకండి.

చర్చి ఆవరణలో రేటింగులు

మా నాన్న రేపల్లె వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చాడు. అమ్మ నర్సు. మా చర్చిలో అందరూ ఇంచుమించు అలాంటివాళ్ళే, కోస్తా జిల్లాల నుంచి వచ్చి రైళ్ళలోనో ఆసుపత్రుల్లోనో పనిచేసేవాళ్ళు. ఆరాధన అయ్యాక రేకుల షెడ్డు కింద టీ ఇచ్చేవారు. అక్కడ ప్రతి ఆదివారం ఆ వారం సినిమాల మీద తీర్పులు వెలువడేవి.

కానీ ఒక పద్ధతి ఉండేది. సినిమా పాపమని పాస్టరుగారు గంటసేపు చెప్పి అప్పుడే దిగి ఉంటారు. అందుకని షెడ్డు కింద ఏ సినిమానీ ఎవరూ చూసి ఉండరు. ఎవరో చెప్పారు, ఎక్కడో అనుకుంటుంటే చెవిన పడింది, ఆఫీసులో మాట్లాడుకున్నారు. "మేం చూళ్ళేదు బాబూ, మాకేం ఖబర్? పాటలు మస్త్‌గా ఉన్నాయంట, క్లైమాక్సు మాత్రం బేకార్ అంట." చూసినవాళ్ళు లేరు, కథ మాత్రం అందరికీ తెలుసు. మా అమ్మ ఒక్కతే ఈ నాటకం ఆడేది కాదు. "నేను చూశాను. నా పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో కూడా చెప్పమంటారా?" అనేది. పాస్టరుగారి భార్య టీ గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయేది.

ఈ పద్ధతితో ఒక చిక్కు ఉంది. ఏ అభిప్రాయానికీ సొంతదారు ఉండడు. చూసి చెప్పినవాడూ, విని చెప్పినవాడూ ఒకేలా మాట్లాడతారు. నవ్వుకునే రోజుల్లో అది నాకు తట్టలేదు. మొదట్లో నేను చూసిన సినిమా మీద నా అభిప్రాయం సరిగ్గా ఉందా లేదా అని అక్కడ చెవి ఒగ్గేదాన్ని. తర్వాత తర్వాత అభిప్రాయమే అక్కడి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

ఆ వారం

అది అక్తి, అంటే అక్షయ తృతీయ, పెళ్ళిళ్ళ రోజులు. ఎండలు పేలిపోతున్నాయి. ఆ శుక్రవారం రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి పెద్ద హిందీ సినిమా. రెండోది ఛత్తీస్‌గఢీ సినిమా. ఆరంగ్‌లో బడిపంతులు ఘనశ్యామ్ అనే ఆయన ఎన్నో ఏళ్ళు తంటాలు పడి తీశాడు. నటులంతా ఆయన ఊరివాళ్ళే. తల్లి వేషం వేసింది ఆయన భార్య సుక్‌వారో. పేపర్లో ప్రకటన లేదు. గోడలకు పసుపు కాగితం మీద నల్ల అచ్చు పోస్టర్లు వేశారు.

మధ్యాహ్నం ఆటకు వెళ్ళాను. హాల్లో కూలరు పాడైంది. మొదటి సగం గోల గోలగా ఉంది. పల్లెటూరి కుర్రాడు, అల్లరి, అక్కర్లేని మూడు పాటలు. ఇంటర్వెల్లో బయటికి వచ్చి నిమ్మసోడా తాగాను. మూడు గంటలకు హిందీ సినిమా ఉంది, దానికి వెళ్ళిపోయాను. మిగతాది శనివారం వచ్చి చూద్దామనుకున్నాను.

శనివారం నాకు ఏ పనీ లేదు. అమ్మకు ఒంట్లో బాగోలేదనో, ఆఫీసులో పని పడిందనో రాస్తే ఇప్పుడెవరూ కాదనరు. కానీ నిజం వేరు. భోంచేసి పడుకున్నాను. సాయంత్రం కూరగాయలకు వెళ్తూ ఆ హాలు మీదుగానే వెళ్ళాను. ఆట వదిలారు. భన్‌పురి మిల్లుల్లో పనిచేసే కూలీలు గుంపులుగా బయటికి వస్తున్నారు. ఒకతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. చెమటేమో అనుకున్నాను. అతన్ని ఆపి "రెండో సగం ఎలా ఉంది భయ్యా" అని అడగడానికి అర నిమిషం పట్టేది. అడగలేదు. సినిమా గురించి కూలీలను అడిగేదేముందనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం చర్చి షెడ్డు కింద అడిగాను. ఆసుపత్రిలో అమ్మతో పనిచేసే మరియమ్మ ఆంటీ చెప్పింది: "ఏమోనమ్మా, మేం చూళ్ళేదు. ఇంటర్వెల్ తర్వాత ఒకటే సాగదీశాడంట." టిక్కెట్ కలెక్టరు ప్రకాశం అంకుల్ పక్కనుంచి అందుకున్నాడు: "సాగదీయడం కాదు, ఏకదం రబ్బరు. చెప్పుకోడానికి ఏం లేదంట." పక్కనున్న టీచరమ్మ కూడా అదే మాట. ముగ్గురు చెప్పారు, ముగ్గురిదీ ఒకే మాట. పైకి చూళ్ళేదంటున్నా ముగ్గురూ చూసే ఉంటారని లెక్క కట్టాను. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం ఇంటికొచ్చి రాసి పంపించాను. చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు: "రెండో సగంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు." ఒకటిన్నర స్టారు. ఒకటి మరీ కటువుగా ఉంటుందని జాలిపడి ఆ సగం కలిపాను. సోమవారం అచ్చయింది. బుధవారం పొద్దున హాలు వాళ్ళు ఆ సినిమా ఎత్తేసి పాత యాక్షన్ సినిమా వేశారు.

ఒకే ఒక ప్రశ్న

బుధవారం సాయంత్రం ఘనశ్యామ్ మా ఆఫీసుకు వచ్చాడు. సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన పేపరు. నేను గొడవకు సిద్ధపడి కూర్చున్నాను. అలా వచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. అభిప్రాయం నా హక్కు అనాలి, మీ కష్టం అర్థమవుతుందనాలి, మంచినీళ్ళు ఇవ్వాలి.

ఆయన కూర్చోలేదు. "మేడమ్, ఒకటే అడిగి వెళ్ళిపోతాను. రెండో సగంలో తల్లి కొడుకు తల కడుగుతుంది కదా. ఎందుకు కడుగుతుంది?" అన్నాడు హిందీలో.

నా తెలివి నన్ను ఇంకా గోతిలోకి తోసింది. "తల్లి ప్రేమ చూపించాలని పెట్టారు. కానీ చాలా పొడుగైపోయింది" అన్నాను.

"తల్లి ప్రేమని సినిమా చూడనివాళ్ళు కూడా చెప్పగలరు మేడమ్" అన్నాడు. తిట్టలేదు. పేపరు నా బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారం బదులు చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది.

దూబేజీ దగ్గరికి పరిగెత్తాను. సినిమా సగమే చూశానని చెప్పాను. తప్పు ఒప్పుకుంటూ నాలుగు లైన్లు వేయమని బతిమాలాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అది వేస్తే రేపటి నుంచి ప్రతి ప్రొడ్యూసరూ ఈ గుమ్మంలో నిలబడతాడు. ఛోడియే. ఛోటీ ఫిల్మ్ థీ" అన్నాడు.

చిన్న సినిమా. అందుకే నా మాట చెల్లింది, అందుకే నా తప్పు దిద్దనక్కర్లేదు. ఆ రోజు ఉద్యోగం వదిలేసి ఉంటే ఇప్పుడు ఈ కోపానికి కొంచెం గౌరవం ఉండేది. వదల్లేదు. ఇంకా పదిహేనేళ్ళు అదే బల్ల దగ్గర కూర్చున్నాను. మర్నాడు హాలుకు వెళ్ళి, ఒక్క ఆట వెయ్యండి, నేనొక్కదాన్నే చూస్తానన్నాను. రీళ్ళ డబ్బాలు అప్పటికే తీసుకెళ్ళిపోయారన్నారు.

చూసిందెవరు

ఆ ఆదివారం షెడ్డు కింద నేను ఒక్కొక్కరినీ నిలదీశాను. "మరియమ్మ ఆంటీ, నిజం చెప్పండి. మీరు చూశారా, లేదా?" ఆమె కంగారుపడిపోయింది. "అయ్యో, ప్రమాణంగా చూళ్ళేదమ్మా! ప్రకాశంగారు చెప్పారు." ప్రకాశం అంకుల్‌కు ఎవరు చెప్పారు? టీచరమ్మ. టీచరమ్మకు? గూడ్సు గార్డు ఏలియా గారు.

ఏలియా గారు గోడకు ఆనుకుని టీ తాగుతున్నారు. పెద్దాయన, మా నాన్నకు స్నేహితుడు. ఆయన్ని అడిగాను.

"నేనేనమ్మా చూసింది. ఒక ఆట చూశా. హాల్లో ఉడికిపోయాం. ఇంటర్వెల్ కాగానే లేచి వచ్చేశా."

"మరి తర్వాత సాగదీశాడన్నారే?"

"సాగదీసుంటాడులే అన్నా. మొదటి సగం అట్టా ఉంటే ఇంకేం చేస్తాడు? నేను అన్నది అంతే."

ఆయన "ఉంటాడులే" అన్నారు. షెడ్డు ఒక మూల నుంచి ఇంకో మూలకు వచ్చేసరికి ఆ "ఉంటాడులే" రాలిపోయింది. నా కలం దాకా వచ్చేసరికి తీర్పైపోయింది. ముగ్గురు సాక్షులనుకున్నాను. ముగ్గురి వెనకా ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషీ నాలాగే ఇంటర్వెల్‌కు లేచి వచ్చినవాడు. నేను గొంతు పెంచి ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. ఏలియా గారి మొహం చిన్నబోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

"ఆయన మీద అరుస్తావేంటే? ఆయన టీ తాగుతూ ఏదో అనుకున్నాడు. జీతం ఆయనకిస్తున్నారా నీకిస్తున్నారా?" అంది ఆటోలో.

ఇన్నేళ్ళలో ఏ సంపాదకుడూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. కబుర్లకి తప్పు లేదు. షెడ్డు కింద ఎవరైనా ఏమైనా అనొచ్చు. దాన్ని పట్టుకెళ్ళి అచ్చు వేసి, స్టార్లు అంటించి, ఊరి మీదికి వదిలినదాన్ని నేను. ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నాను. ఒకడు ఇంటర్వెల్‌కే రేటింగు పెడతాడు. వాడిది చూసి ఇంకొకడు, ఆ ఇద్దరిదీ చూసి వందమంది. అందరూ చూసినట్టే మాట్లాడతారు. మాకు పాస్టరుగారి భయం ఉండి, చూసి కూడా చూడలేదనేవాళ్ళం. వీళ్ళకు ఏ భయమూ లేక చూడకుండా చూశామంటున్నారు. రెండూ అబద్ధమే, రెండోది ఎక్కువ హాని చేస్తుంది.

ఆరంగ్

ఆరంగ్ బస్సులో గంట ప్రయాణం. ఆ గంటకు నాకు పదిహేనేళ్ళు పట్టింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన రెండో నెలలో వెళ్ళాను. పిరికితనం అప్పటిదాకా అడ్డుపడింది, మరో కారణం లేదు.

ఘనశ్యామ్ గుర్తుపట్టాడు. జుట్టంతా నెరిసింది, హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. తర్వాత ఏ సినిమా తీయలేదు. నేను సగమే చూశానని గుమ్మంలోనే చెప్పాను. "ఆ రోజే తెలుసు మేడమ్, లోపలికి రండి" అన్నాడు. సినిమాను పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాడు. చూస్తారా అని ఆయన అడగలేదు, నేనే అడిగాను. మధ్యాహ్నం వాళ్ళ ముందుగదిలో టీవీకి పెట్టాడు. సుక్‌వారో నాకు మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెబుతున్నాను, ఎవరికి కష్టమైనా సరే. సినిమా బాలేదు. రెండో సగం ఏలియా గారు ఊహించినట్టే చాలా చోట్ల సాగింది. ఇప్పుడు రేటింగు ఇవ్వమన్నా మొత్తం సినిమాకు రెండు దాటను. తప్పు చేశాను కదా అని జాలితో పెంచితే అది ఇంకో అబద్ధం.

కానీ అందులో తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. కొడుకు రాయ్‌పూర్‌లో ఆఫీసరునని ఇంటికి ఉత్తరాలు రాస్తుంటాడు. తల్లి చెప్పకుండా మూటతో దిగుతుంది. అతను భన్‌పురిలో అటుకుల మిల్లు కూలీ అని పక్కింటివాళ్ళు చెప్పేస్తారు. ఆమె ఏమీ అనదు. గది ఊడుస్తుంది, అన్నం వండుతుంది, కూర్చుంటుంది. సాయంత్రం కొడుకు వస్తాడు, తల నిండా పొట్టు. తల్లిని చూసి బిగుసుకుపోతాడు. "ఆఫీసు దారిలో దుమ్ము ఎక్కువ కాబోలు" అంటుంది ఆమె. అతన్ని కూర్చోబెట్టి తల కడుగుతుంది. వాడు ఏడుస్తున్నాడని తెలిసి, ఆ ఏడుపు కనబడకుండా నీళ్ళు పోస్తూనే ఉంటుంది. అందుకు కడుగుతుంది. ఘనశ్యామ్ అడిగిన ప్రశ్నకు జవాబు అదీ. శనివారం ఆ కూలీ తువ్వాలుతో తుడుచుకున్నది చెమట కాదు.

నేను ఇరవై ఏళ్ళలో అలాంటి నటన తెర మీద నాలుగుసార్లు కూడా చూడలేదు. ఆ తొమ్మిది నిమిషాలు చూసి ఉంటే, సినిమాకు ఒకటిన్నరే ఇచ్చినా, ఆ సీను కోసం వెళ్ళమని రాసేదాన్ని.

సుక్‌వారో వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ సీను గురించి నేను చెప్పాను, వచ్చినంత ఛత్తీస్‌గఢీలో, రానిచోట హిందీలో. ఆమె తల దించుకుని వింది. తర్వాత చెప్పింది.

ఆమె సినిమాలో వేషం వేయడం అన్నలకు ఇష్టం లేదు. ఇంటి పరువు తీసిందన్నారు. తల్లి మాత్రం ఎటూ మాట్లాడలేదు. "చూసి చెప్తాను. చూడకుండా నేనేం చెప్పను" అంది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో జీపు దొరకలేదు. గురువారానికి కుదిరింది. తల్లినీ అన్నలనూ ఎక్కించుకుని వెళ్ళాలనుకున్నారు.

"సోమవారం అన్న పేపరు తెచ్చి అమ్మ ముందు పడేశాడు. రెండో సగంలో ఏమీ లేదని చదివి వినిపించాడు. నేను ఉన్నది రెండో సగంలోనే కదా దీదీ. బుధవారం సినిమా పోయింది. అమ్మ చూడలేదు. ఆ వానాకాలం చనిపోయింది. నా వేషం బాగుందనీ చెప్పలేదు, బాలేదనీ చెప్పలేదు. చూళ్ళేదు కదా. అన్నలు అప్పటి నుంచి నన్ను ఇంటికి పిలవరు. పేపర్లో కూడా రాశారు కదా అంటారు."

ఇరవై ఏళ్ళు జీతం తీసుకున్న నాకంటే, ఆ ఒక్క సినిమా కూడా చూడలేకపోయిన ఆ ముసలామెకు నా పని బాగా తెలుసు. నా మీద నాకు పుట్టిన అసహ్యం అక్కడ ఆ గదిలో చెప్పుకునే వీలు కూడా లేదు.

"అమ్మకు చదువు రాదు. చందైనీలు లెక్కపెట్టింది" అంది సుక్‌వారో. చందైనీ అంటే వాళ్ళ మాటలో చుక్క. "పేపరు మీద వేలు పెట్టి, ఒకటి బాగానే ఉంది, ఈ రెండోది సగమే ఉందేంటి, అచ్చులో విరిగిపోయిందా అని అడిగింది. అవును విరిగిపోయిందని చెప్పాను."

ఘనశ్యామ్ టీవీ కట్టేశాడు. సుక్‌వారో లోపలికి వెళ్ళి బడి నోటుపుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందాక చెప్పావే, అది రాసివ్వు. పెద్దన్న ఇంకా ఉన్నాడు. తీసుకెళ్ళి చూపిస్తాను."

రాశాను. తెర మీద ఏం జరిగిందో అది రాశాను. పేజీన్నర అయింది. కింద సంతకం పెట్టి, పత్రిక పేరు రాసి, ఇచ్చాను. ఆమె ఘనశ్యామ్ చేత మొత్తం చదివించుకుంది. మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"చుక్కలు వెయ్యలేదు."

"చుక్కలు వద్దమ్మా. వాటివల్లే ఇంత జరిగింది."

"అన్న ఇంత చదవడు. చుక్కలే చూస్తాడు. వెయ్యి."

వేశాను. సినిమాకు కాదు, ఆ తొమ్మిది నిమిషాలకు. వంకర టింకరగా వచ్చాయి. ఐదు. సుక్‌వారో కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసుకుంది.

"సగం ఒక్కటీ లేదు కదా?" అని అడిగింది.

లేదన్నాను.